వెంకటక్క వాకిట సున్నపు గీత

రాళ్ళవంకపల్లిలో ఎవరైనా అగ్గిపుల్ల గీయాలంటే ముందు వెంకటక్క ఇంటివైపు తిరిగి చూడాలి. ఆమె వాకిట్లో అడ్డంగా తెల్లటి సున్నపు గీత ఉండి, గుమ్మం పైన వేపమండ వేలాడుతుంటే లోపల పట్టుపురుగులు మేస్తున్నట్టు లెక్క. అలాంటప్పుడు చెత్తకు నిప్పు పెట్టిన మనిషి ఆ పూట అన్నం సుఖంగా తినలేడు. వెంకటక్క వచ్చి అతని తాతల దగ్గర నుంచి మొదలుపెడుతుంది.

పెనుకొండకూ హిందూపురానికీ మధ్యలో, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే ఆ ఊరు. చెత్తబండి ఒకటి ఉంది, లేదని అనకూడదు. ఒక వారం వస్తే రెండో వారం టైరు పంక్చరు, మూడో వారం డ్రైవరు పెళ్ళికి పోయుంటాడు. ఆలోపల కవర్లు, గుట్కా పొట్లాలు, టీ కప్పులు గాలికి ఊరంతా ఊరేగుతుంటాయి. వాటిని ఒకచోటికి ఊడ్చి అంటించడమే శుభ్రత అని ఊరి నమ్మకం. చీపురు పట్టిన ప్రతి మనిషి కొంగులోనూ అగ్గిపెట్టె ఉండాల్సిందే. ఏం చెప్పాలి ఈ జనానికి? కంటికి కనిపించకపోతే చాలు, ముక్కులోకి పోయినా పర్వాలేదు.

వెంకటక్క భర్త నారాయణప్ప. నోట్లో మాట లేని మనిషి, మాటకు బదులు బీడీ ఉంటుంది. వేరుశనగ వేసి, వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేశాక, ఆలుమగలు ఇద్దరూ బోరు కింద మల్బరీ నాటి పురుగుల పెంపకంలోకి దిగారు. పట్టుపురుగంటే మామూలు ప్రాణం కాదు. నాలుగుసార్లు పొర విడిచి పెరుగుతుంది. పొర విడిచే ముందు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది, దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగు దగ్గర గట్టిగా తుమ్మినా వెంకటక్క ఊరుకోదు. పొగాకు వాసన పడదు, అగరబత్తి పడదు, పౌడరు వాసన పడదు. అందుకే నారాయణప్ప బీడీ తాగాలంటే తోట దాటి, వంక దాటి, అవతలి గట్టు మీద కూర్చోవాలి. తాగి వచ్చాక పుక్కిలించి, చేతులు కడిగి, చొక్కా మార్చుకుంటే గానీ షెడ్డులోకి ప్రవేశం లేదు. పాపం, సగం బీడీలు మానేసింది ఆ నడక భయానికే.

కొన్నేళ్ళ కిందట ఒక పంట పోయింది. పురుగులు నాలుగో జ్వరం లేచి, ఆకు నమిలే చప్పుడు వాన చినుకుల్లా వినిపిస్తున్న రోజులు. ఇంకొక్క వారం ఉంటే గూళ్ళు కట్టేవే. పక్కనే అంగడి, టీ హోటలు కలిపి నడిపే కుళ్ళాయప్ప అంగడి వెనకాల పోగుపడ్డ కవర్ల గుట్టకు నిప్పు పెట్టాడు. గాలి తిరిగింది. తెల్లారేసరికి పురుగులు తలలెత్తి, పచ్చని నీళ్ళు కక్కి, తట్టల్లోనే మెత్తబడిపోయాయి. వెంకటక్క ఏడవలేదు. ఒక తట్ట ఎత్తుకుని పోయి కుళ్ళాయప్ప హోటల్లో ఇడ్లీ పళ్ళేల మధ్య పెట్టింది.

"తిను," అంది.

హోటల్లో ఉన్నవాళ్ళంతా లేచి బయటికి పోయారు. కుళ్ళాయప్ప చేతులు జోడించి, "తెలీక చేసినానక్కా, ఇంగ ఎప్పుడూ చెయ్యను," అన్నాడు.

"ఎప్పుడూ అని నీకెవురు చెప్పిరి? నా పురుగులున్నన్నాళ్ళు అగ్గి ముట్టొద్దు. గూళ్ళు కట్టి మార్కెట్టుకు పోయినంక నువ్వు అంటిస్తావో, దాంట్లో దూకి ఈతకొడతావో నీ ఇష్టం," అంది వెంకటక్క.

ఆ మాట ఊరంతా విన్నది. విన్నది విన్నట్టు మనసులో పెట్టుకుంది. మన జనం మంచిమాట వినరు అంటాం గానీ, వింటే ఇలా అక్షరం పొల్లుపోకుండా వింటారు.

అప్పటి నుంచి సున్నపు గీత పడిందంటే ఊర్లో పొగ లేదు. వెంకటక్కకు గర్వం పెరిగింది. ఎక్కడికి పోయినా, "మా ఊర్లో పొగ మాన్పించినా," అని చెప్పుకునేది. ఆ గొప్పే ఒకరోజు ఆమె మెడకు చుట్టుకుంది.

కొడుకు శివప్రసాద్ హిందూపురంలో ఒక కంపెనీలో పని చేస్తాడు. కోడలు సాయిసుధ ధర్మవరం పిల్ల, మగ్గం చప్పుడులో పుట్టి పెరిగింది. కాన్పుకు పుట్టింటికి పోయి ఆడబిడ్డను కన్నది. అదృష్టం బాగలేక ఆ బిడ్డకు మొదటి నెల నుంచే ఎదలో పిల్లికూతలు. రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టారు. డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది: పొగ తగలకూడదు, దోమలబత్తి వద్దు, స్నానం పోశాక సాంబ్రాణి పట్టడం అసలే వద్దు.

వియ్యపురాలు మాధవీలత సాంబ్రాణి మూకుడు అటక మీదికి ఎక్కించేసింది. ఐదో నెల వచ్చి, బిడ్డను అత్తగారింటికి పంపే మాట ఎత్తేసరికి అడ్డం తిరిగింది.

"పల్లెల్లో సాయంత్రమైతే చాలు కవర్లు అంటిస్తారు వదినా. ఈ బిడ్డను ఆ పొగలోకి నేను పంపను," అంది ఫోన్లో.

వెంకటక్కకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. "మా ఊరి సంగతి నాకు చెప్తాండావా వదినా? పొగ మాన్పించిందే నేను. వచ్చి చూసుకో."

"సరే, పంపుతా. పొగ తగిలిందని తెలిసిందంటే మాత్రం ఆ పొద్దే వచ్చి తల్లినీ బిడ్డనీ తీసుకుపోతా. మళ్ళా పంపమని అడగొద్దు."

"అడగను," అంది వెంకటక్క, మీసం ఉంటే మెలేసేంత ధైర్యంగా.

పురుగులున్న ఇంట్లోకి పసిబిడ్డను తేవడం కుదరదు. వచ్చేపోయే చుట్టాలు, నూనెలు, పౌడర్లు. అందుకని గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోయే రోజునే ముహూర్తంగా పెట్టుకుంది. పొద్దున్నే గూళ్ళ సంచులు ఆటోకెత్తి, గుమ్మానికి కట్టిన వేపమండ తీసేసి, గీత మీద కల్లాపి చల్లి బయల్దేరింది. మార్కెట్లో గూళ్ళు బాగానే పోయాయి. ఉయ్యాలకు కప్పే దోమతెర ఒకటి కొనుక్కుని, మధ్యాహ్నం రైలుకు పెనుకొండ స్టేషన్లో దిగింది. ధర్మవరం నుంచి కొడుకు, కోడలు, బిడ్డ కూడా అక్కడికే వచ్చారు. బిడ్డను ఎత్తుకోగానే వెంకటక్క నోరు మూతపడింది. ఆటోలో దారిపొడవునా దాని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదే.

పెద్ద రోడ్డు దిగి మలుపు తిరగ్గానే సాయిసుధ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందత్తా అది?"

ఊరి మీద పొగ. ఒకచోట కాదు. కుళ్ళాయప్ప అంగడి వెనక ఒకటి, బడిగోడ పక్కన ఒకటి, వంక గట్టున ఒకటి. అన్నిటికంటే నల్లగా, లావుగా లేచేది ఇంకొకటి ఉంది. అది ఎక్కడ నుంచి లేస్తోందో వెంకటక్క చూసి కూడా ఒప్పుకోలేకపోయింది.

అంగడి ముందు ఆటో ఆపించింది. కుళ్ళాయప్ప నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏమక్కా, గూళ్ళకు మంచి రేటొచ్చిందా? నువ్వు ఆటో ఎక్కేదాకా కాచుకోని, మలుపు తిరిగినంక అంటిస్తిమి. ఇన్నాళ్ళదీ కూడబెట్టుకోని ఉంటిమి గదా, గుట్టలు గుట్టలుండాది. ఒక్కరు కూడా నీ మాట దాటలేదక్కా."

ఏమని తిట్టాలి ఇతన్ని? అన్నేళ్ళుగా తాను పొగ మాన్పించలేదు, పొగను దాచిపెట్టించి ఒక్కరోజున తగలబెట్టిస్తున్నది. తాను ఆ రోజుల్లో మార్కెట్లో ఉంటుంది కాబట్టి ఏనాడూ కంటపడలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి బూడిదే మిగిలేది.

"ఇది పసిబిడ్డప్పా, దీని ఎదకు పొగ పడదు. ఆర్పు," అంది.

"అయ్యో, పురుగులు లేవు గదా అని..." కుళ్ళాయప్ప నిజంగానే బిత్తరపోయాడు. పురుగుకు పడని పొగ మనిషికి పడుతుందని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఇట్లాంటివాడితో వాదించడం కంటే గోడకు తల బాదుకోవడం నయం.

ఆటో ఇంటి ముందు ఆగింది. పెరట్లో నారాయణప్ప కర్ర పట్టుకుని, చెమటలు కక్కుతూ, మంటను ఎగదోస్తున్నాడు. విరిగిపోయిన ప్లాస్టిక్ నేత్రికలు, అంటే పురుగులు గూళ్ళు కట్టుకునే జల్లెళ్ళు, పురుగుల కింద పరిచిన ప్లాస్టిక్ పట్టలు, ఎండిన మల్బరీ కట్టెలు, అన్నీ కలిపి భగభగ మండుతున్నాయి. ఊరంతటికీ పెద్ద మంట వెంకటక్క ఇంటిదే.

"ఏం చేస్తాండావయ్యా నువ్వు?"

"నువ్వు చెప్పిందే చేస్తాండా గదమ్మే. పంట దిగినంక షెడ్డులో పుల్ల మిగలకుండా అంటించు, రోగం తర్వాతి పంటకు పాకుతాది అని ప్రతిసారీ చెప్పేది నువ్వే గదా," అన్నాడు నారాయణప్ప. సంవత్సరానికి అతను మాట్లాడే మాటల్లో సగం అప్పుడే అయిపోయాయి.

నిజమే. చెప్పింది తానే. వెంకటక్క బిందె ఎత్తి నీళ్ళు కుమ్మరించింది. ఆవిరి, పొగ కలిసి ఇంకా ఎక్కువైంది. కొడుకు మట్టి పోశాడు. బిడ్డ దగ్గింది. మొదట చిన్నగా, తర్వాత ఊపిరి తీసుకోలేక రొప్పుతూ.

సాయిసుధ కేకలు పెట్టలేదు. అత్తవైపు తిరిగి, "మా అమ్మకు నేను ఫోన్ చెయ్యల్నా, నువ్వే చేస్తావా అత్తా?" అని అడిగింది.

వెంకటక్క బిడ్డను లాక్కున్నంత పని చేసి చాకీ గదికి పరుగెత్తింది. గుడ్డు పగిలి వచ్చిన చిన్న పురుగులను పెంచే గది అది. ఈసారి చిన్న పురుగులను బయట నుంచి కొనుక్కొచ్చారు కాబట్టి దాన్ని వాడనే లేదు. సున్నం కొట్టి, కిటికీలకు సన్నటి వల బిగించి, తలుపు సందులకు గుడ్డలు కుక్కి ఉంది. ఊర్లో పొగ దూరని చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే. పురుగుల కోసం ఆమె అంత గట్టిగా కట్టించింది. మనుషులు పడుకునే ఇంటికి కిటికీ తలుపు సరిగా పడదు, దాన్ని బాగుచేయించాలని మాత్రం ఏనాడూ తోచలేదు.

గదిలో గుక్కెడు మంచిగాలి తగిలి, తల్లి ఆస్పత్రి మందు పీల్పించాక బిడ్డ కుదుటపడింది. సాయిసుధ చాలాసేపు గోడకానుకుని కూర్చుంది.

"ఈ గదిలోకి పొగ రాలేదు. కొన్నాళ్ళు చూస్తా అత్తా. మళ్ళీ వచ్చిందంటే మాత్రం పోతా," అంది.

మరుసటి ఉదయం ఊరు లేచేసరికి వెంకటక్క వాకిట్లో సున్నపు గీత ఉంది. గుమ్మానికి వేపమండ ఉంది.

"నిన్ననే గదక్కా గూళ్ళు పోయినాయి?" అన్నాడు కుళ్ళాయప్ప, ఆరిపోయిన గుట్ట దగ్గర నిలబడి. సగం కాలి సగం మిగిలిన గుట్ట అది.

"మళ్ళా పురుగులు తెచ్చినా," అని తలుపేసుకుంది.

ఇక మొదలైంది వేధింపు. గుట్ట పెరుగుతోంది, అంటించే వీల్లేదు. కవర్లు ఎగిరి టీ హోటలు బల్లల మీద వాలుతున్నాయి. కుళ్ళాయప్ప రోజూ అడుగుతాడు, "ఇంగా పండలేదా అక్కా పురుగులు?" అని. "పండలేదు," అంటుంది ఆమె. కొడుకుతో కూడా విసుగు, మొగుడితో కూడా విసుగు, అందరికంటే తనమీద తనకే ఎక్కువ విసుగు. విరిగిన నేత్రికలన్నీ మూటగట్టి హిందూపురంలో పాతసామాన్ల అంగడికి మోసుకుపోయింది. గట్టి ప్లాస్టిక్కు తీసుకున్నాడు. ఆశపడి కవర్ల మూట కూడా విప్పితే మొహం తిప్పుకున్నాడు.

"ఇవి ఎవురూ తీసుకోరమ్మా. తిరిగి ఎత్తుకుపో."

ఆ మూట తిరిగి మోసుకొచ్చి తిన్నగా కుళ్ళాయప్ప అంగట్లో దించింది.

"ఇవి యాడా పోవంటప్పా. కొనేవాడు లేడు, కాల్చేదానికి లేదు. వచ్చింది నీ అంగట్లో నుంచే. నువ్వు ఇయ్యకుంటే సరిపోతాది."

"జనం సంచి తేకపోతే నేనేం చేసేదక్కా? చక్కెర దోసిట్లో పోయాల్నా?"

అదీ నిజమే. సాయిసుధ బయటికి రాకుండా చాకీ గదిలోనే కూర్చుని, పాత పంచెలు, పాత దుప్పట్లు చింపి సంచులు కుట్టింది. వెంకటక్క ఇంటింటికీ పంచింది. జనం సంతోషంగా తీసుకుని, భద్రంగా మడిచి బీరువాలో పెట్టుకున్నారు. "మంచి సంచి గదా, పాడైపోతాది," అంట. వాళ్ళల్లో హనుమంతమ్మ అయితే ఇంకా తెలివైనది. సంచి పట్టుకుని అంగడికి వచ్చి, పప్పు ఒక కవర్లో, చక్కెర ఒక కవర్లో, ఉప్పు ఒక కవర్లో కట్టించుకుని, ఆ కవర్లన్నీ సంచిలో వేసుకుంది. అంగడి మెట్ల మీదే కూర్చుని చూస్తున్న వెంకటక్క, "నా తల్లీ, నీకు దండం పెడతా. డబ్బాలు తెచ్చుకోవే," అని నిజంగానే దండం పెట్టింది. హనుమంతమ్మ నాలుగు రోజులు అలిగి, ఐదో రోజు డబ్బాలతో వచ్చింది.

ఆమె రావడం చూసి ఇంకో ఇద్దరు. కుళ్ళాయప్ప పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు తెప్పించుకున్నాడు, సణుగుతూ. ప్లాస్టిక్ టీ కప్పులు అయిపోతే గాజు గ్లాసులు తెచ్చాడు, ఇంకా ఎక్కువ సణుగుతూ, కడగలేక చేతులు నాని పాశిపోతున్నాయని. గుట్ట తగ్గలేదు. పెరగడం మాత్రం నెమ్మదించింది. చాకీ గదిలో బిడ్డ బోర్లా పడింది.

ఒకరోజు పొద్దున్నే కుళ్ళాయప్ప చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"నీ తోట చూసొచ్చినా అక్కా. మల్బరీ ఆకు నడుమెత్తు పెరిగుండాది, ఒక్క కొమ్మ కోసింది లేదు. ఆ గుమ్మానికి కట్టిన మండ కూడా ఎండిపోయి రాలిపోతాండాది. పురుగులుంటే మండ ఎండనిస్తావా నువ్వు? ఊరినంతా ఎర్రోళ్ళను చేసినావు. నేను ఈపొద్దు అంటిస్తా."

పురుగులు పెంచే ఊర్లో ఈ అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుంది? వెంకటక్క అరుగు మీద నుంచి లేవలేదు. తిట్టే ఓపిక కూడా లేదు.

"పురుగులుండాయి," అంది.

"ఎన్ని గుడ్లు మేపుతాండావు?" అన్నాడు. పురుగుల లెక్క ఎప్పుడూ గుడ్లలోనే.

"ఒకటే."

"ఒక గుడ్డు ఎవురన్నా మేపుతారా? ఆకు కోయకుంటే ఏం తింటాది?"

"పాలు తాగుతాది."

లోపల నుంచి బిడ్డ దగ్గు వినిపించింది. సన్నగా, ఈలలాగా. కుళ్ళాయప్ప ఆ వలకట్టిన కిటికీ వైపు చూశాడు. పొగ లేచిన మర్నాడే కోడలు బిడ్డను తీసుకుని ధర్మవరం వెళ్ళిపోయిందని ఊరంతా అనుకుంది. ఆ తర్వాత బిడ్డను బయట చూసినవాళ్ళు లేరు.

"పురుగుల గదిలో పెట్టినావా అక్కా బిడ్డను?"

"ఇంగ యాడ పెట్టల్ల చెప్పు. ఈ ఊర్లో పురుగులకైతే అందరూ భయపడతారు. బిడ్డుండాది అంటే నవ్వుతారు. మళ్ళా పొగొచ్చిందంటే దాన్ని తీసుకుపోతారంట. నేను ఒప్పుకున్నా. అంటియ్, పో."

కుళ్ళాయప్ప తన కాలు ఒకటి సున్నపు గీత మీద ఉందని అప్పుడు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పటికి పండుతాదక్కా?" అని అడిగాడు.

"పురుగైతే ఈపాటికి గూడు కట్టేది. ఇది మనిషప్పా. పెరిగి పెద్దదై, దాని గూడు అది కట్టుకునేదాకా ఈ గీత తుడవను."

అతను తల గోక్కుంటూ, "అప్పుడుదాకా ఆ గుట్టనేం చేసేది, నా తలకాయ," అని సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అగ్గిపెట్టె చొక్కా జేబులో వేసుకోవడం వెంకటక్క చూసింది.

మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో హోటలు వెనకాల చెట్టు నుంచి విరుచుకొచ్చిన పచ్చటి వేపమండ ఉంది. గీత దాటకుండా, బయటే నిలబడి చేయి చాచి, ఎండిన మండ లాగేసి కొత్తది గుమ్మానికి కట్టాడు.

"వంకరగా కట్టినావు కదప్పా," అంది వెంకటక్క. "సరిగ్గా కట్టు."